నల్లజెండా పడిన పడవ

మెట్ల కింద కొట్టు అది. తలుపు తీస్తే తలుపే సగం చోటు తినేస్తుంది. బల్ల మీద నీలం రబ్బరు పట్టా, దాని మీద సన్నటి స్క్రూడ్రైవర్లు, జిగురు కరిగించే వేడి పలక, పక్కన పగిలిన అద్దాలు పడేసే రేకు డబ్బా. పైన ఎవరు మెట్లెక్కినా ఆమె నెత్తి మీద నడిచినట్టే ఉంటుంది. కొత్తలో తలెత్తి చూసేది. ఇప్పుడు చూడదు.

వీధికంతా ఆమె అద్దాలక్క. పెళ్ళికి ముందు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేది. అది మూతపడ్డాక ఫోన్ల పనిలోకి వచ్చింది. పగిలిన తెర తీసి కొత్తది వేస్తుంది. మాట తక్కువ. చేతిలో తొందర లేదు. తొందరపెట్టేవాళ్ళను బయట బల్ల మీద కూర్చోబెడుతుంది. మరీ తొందరపెడితే వాళ్ళ ఫోను అన్నిటికంటే అడుక్కు వెళ్తుంది.

తెర వేశాక దాన్ని పరీక్షించడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. వేరే కొట్లలో తెల్లటి తెర మీద వేలితో అడ్డంగా నిలువుగా గీసి ఇచ్చేస్తారు. ఆమె పడవల ఆట ఆడేది. ఆ ఆటలో చుక్కాని కింద ఎడమ మూలన, తెడ్డు కింద కుడి మూలన, తెరచాప తాళ్ళు పై మూలల్లో ఉంటాయి. ఒక పందెం పూర్తయ్యేసరికి తెర మీద వేలు పడని చోటు మిగలదు. ఎక్కడైనా తెర పలకకపోతే పడవ వెళ్ళి రాతికి కొట్టుకుంటుంది. కొత్త ఖాతా తెరిస్తే ముందు బోలెడు పాఠాలు చెబుతారు. అందుకని ప్రతి ఫోనులోనూ ఆట ఎక్కించి, తన సొంత ఖాతాతో లోపలికి వెళ్ళి, ఒక పందెం ఆడి, ఆటను తీసేసి ఫోను ఇచ్చేది.

ఫోను తెచ్చినవాళ్ళు వెనక నిలబడి చూసేవారు. "ఎడంపక్క రాయక్కా, రాయి!" అని అరిచేవారు. గెలిస్తే తామే గెలిచినట్టు నవ్వుకుంటూ వెళ్ళేవారు.

ఇంట్లోనూ అదే ఆట. ఆమె, భర్త, ఆడపడుచు ముగ్గురూ ఒక జట్టు. ఆడపడుచు నాయకురాలు. ఇంట్లో అందరికీ చిట్టి. పగలంతా బట్టల దుకాణంలో నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే "అందరూ పడవెక్కండి" అనేది. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. ఆటలో ఎక్కడ మలుపు వచ్చినా అలవాటుగా హారన్ కోసం వెతుకుతాడు. అదనపు మనిషి కింద ఎవరిదో ఒక పేరు ఉండి తీరాలంటే అత్తగారి పేరు వేశారు. ఆవిడకు గెలుపోటములతో పని లేదు. నది మీద బాతులు తేలుతుంటాయి. ఆవిడ బాతుల్ని పట్టుకుంటుంది.

ఆ ఏడు వాళ్ళ జట్టు ఆఖరి పందెం దాకా వచ్చింది. పందెం ఆదివారం మధ్యాహ్నం. ఆ వారం మొదట్లోనే, ఒక ఫోనుకు తెర వేసి ఆట తెరిచేసరికి, ఆమె పడవ మీద నల్లజెండా ఎగురుతోంది.

మోసగాళ్ళకు వేసే జెండా అది. జెండా పడిన పడవ కదలదు. చూసేవాళ్ళందరికీ కనబడుతుంది.

"ఏంటక్కా అది?" అన్నాడు ఫోను తెచ్చినాయన.

"ఏం లేదు. మీ తెర బాగానే ఉంది" అని ఫోను చేతిలో పెట్టింది.

ఆయన వెళ్ళాక తన ఫోనులో తెరిచి చదివింది. ఆట న్యాయానికి విరుద్ధమైన ప్రవర్తన గుర్తించడమైనది, ఖాతా శాశ్వతంగా నిలిపివేయడమైనది. ఏ ప్రవర్తన? నిబంధనలు తెరిచింది. న్యాయాన్ని దెబ్బతీసే పని ఏదైనా మోసమే. ఏ పని దెబ్బతీస్తుందో నిర్ణయించే అధికారం సంస్థది. కారణం చెప్పవలసిన బాధ్యత సంస్థకు లేదు. గోడకు తల బాదుకుంటే గోడైనా చప్పుడు చేస్తుంది. ఇది ఆ మాత్రం కూడా చేయలేదు.

సహాయం అన్న చోట నొక్కింది. టోపీ పెట్టుకున్న బాతు బొమ్మ వచ్చింది. మీ ఆనందమే మా గమ్యం అంది.

నేను చేసిన తప్పేమిటి అని రాసింది.

మీ బాధ మాకు అర్థమైంది, మీరు నిబంధన ఉల్లంఘించారు అంది బాతు.

ఏ నిబంధన?

అది చెబితే మోసగాళ్ళు జాగ్రత్తపడతారు, కనుక చెప్పలేము.

నేను మోసగత్తెను కాను, నాకు చెప్పండి.

మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఆమె ఫోను బోర్లా పెట్టింది. కొత్త అద్దం. గట్టిగా పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఆలోచిస్తే ఆమెకు తట్టినవి రెండు సంగతులు. ఒకటి, తన ఖాతా ఊళ్ళో ఉన్న ఫోన్లన్నిట్లోనూ తెరుచుకుంది. ఎవరెవరికో ఆడమని ఇచ్చినట్టు కనబడి ఉంటుంది. రెండోది, కొన్ని ఫోన్ల తెరలకు పిచ్చి పడుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే వాటంతటవి నొక్కుకుంటాయి, మనిషి వేలికి చేతకానంత వేగంగా. దొంగ ప్రోగ్రాం పెట్టి ఆడిస్తోంది అనుకుని ఉంటారు. కానీ ఆ పిచ్చి తెర మీద ఏ నాడూ గెలవలేదు. పడవ గిరగిరా తిరిగి మునిగేది. ఇదంతా వివరంగా రాసింది. మోసం చేసి మునిగేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని చివర అడిగింది.

బాతు మళ్ళీ నక్షత్రాలడిగింది.

ఆమెకు జెండా మీద కోపం లేదు. అదే ఎక్కువ చికాకు. రాళ్ళలోంచి దూసుకుపోయే దొంగ పడవల్ని చూసి ఆమే ఎన్నోసార్లు ఫిర్యాదు చేసింది. ఎవరి మీదైనా నల్లజెండా పడితే తృప్తిగా చూసేది. పాపం, ఏం చేశాడో అని భర్త అంటే, "ఊరికే వేస్తారా?" అనేది.

ఇప్పుడు ఆ మాట వీధిలోంచి తిరిగి కొట్టుకు వచ్చింది. పక్క కొట్టు దర్జీ ఎవరితోనో అంటుంటే చెక్క గోడ ఇవతలికి వినబడింది. "మంచిదే పాపం. కానీ ఊరికే వేస్తారా?" అద్దం మార్చమని పొద్దున ఫోను ఇచ్చి వెళ్ళిన నర్సు మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది.

"మా ఫోనులో ఆ ఆట గానీ ఆడారా?"

"ఇంకా విప్పనే లేదమ్మా."

"అయితే ఇచ్చేయండి. తర్వాత చూద్దాం."

ఫోను అంటే మనుషులు లోపలి మాటలన్నీ పెట్టి ఇచ్చే వస్తువు. నమ్మకం లేకపోతే ఆ బల్ల మీద పెట్టరు. నర్సు వెళ్ళాక అద్దాలక్క ఖాళీ రబ్బరు పట్టాను తుడిచింది. మురికేమీ లేదు. అయినా తుడిచింది.

గురువారం సాయంత్రం చిట్టి చెప్పులతోనే లోపలికి వచ్చింది.

"వదినా, దారి దొరికింది. అప్పీలు అని ఒకటుంది, చూశావా? దాంట్లో 'నా తప్పు ఒప్పుకుంటున్నాను' అని నొక్కితే శిక్ష తగ్గిస్తారట. మా దుకాణంలో ఒకడు నొక్కాడు. తెల్లారేసరికి బూడిదరంగు జెండా వేసి వదిలేశారు."

"వాడు తప్పు చేశాడా?"

"చేశాడు."

"మరింకేం, ఒప్పుకున్నాడు."

"అబ్బా వదినా! ఒక్క నొక్కు. ఆదివారం ఆడేస్తాం. ఎవరడుగుతారు నిన్ను?"

"నర్సు అడిగింది. దర్జీ అడక్కుండానే అంటున్నాడు. రేపు బూడిద జెండా చూసి 'ఒప్పుకుందిగా' అంటే ఏం చెప్పమంటావ్?"

"ఏవోయ్, నొక్కితే పోయేదేముంది?" అన్నాడు భర్త, ఫోనులోంచి తలెత్తకుండా.

"మీ వ్యాను ఎవరినో గుద్దిందని ఎవరైనా అంటే, గుద్దకపోయినా సంతకం పెడతారా?"

"నా వ్యానును మధ్యలోకి లాగకు."

"అదే చెబుతున్నాను. ఎవరి బండి వాళ్ళకు ముద్దు."

"మరి నువ్వు ఆడకపోతే మూడో మనిషి ఎవరు?" అంది చిట్టి. అని, నెమ్మదిగా తల తిప్పి వాళ్ళమ్మ వైపు చూసింది.

అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని బాతులు పడుతోంది. "నన్నెందుకే అలా చూస్తావు? నాకూ వచ్చు" అంది.

చిట్టి నెత్తి కొట్టుకుంది. "ఇంత దూరం వచ్చింది బాతులు పట్టడానికా!"

శనివారం క్యాంటీన్ వంటమాస్టరు వచ్చాడు. అతను రావడం ఇది మొదటిసారి కాదు. ఆమె వేసిన తెర కొద్ది రోజులకే ఆగిపోయిందని అంతకుముందోసారి తెచ్చాడు. ఆమె విప్పి చూసింది. ఫోను లోపల చిన్న తెల్ల కాగితం చుక్క ఉంటుంది. తడి తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రగా ఉంది. గోడ మీద బోర్డు చూపించింది. నీళ్ళు తగిలిన ఫోనుకు హామీ లేదు. నీళ్ళలో పడలేదని అతను ఎంత చెప్పినా, "ఊరికే ఎర్రబడుతుందా?" అని మూత బిగించి ఇచ్చేసింది.

ఇప్పుడు అదే ఫోను మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"అక్కా, మళ్ళీ చెబుతున్నాను. నీళ్ళలో పడలేదు."

ఆమె ఎర్ర చుక్క గురించి చెప్పబోయి ఆగింది. "పనిలో ఉన్నప్పుడు ఫోను ఎక్కడ పెడతారు మాస్టారూ?"

"ఇదిగో, ఈ పై జేబులో." గుండె మీద తట్టుకున్నాడు.

"పొయ్యి దగ్గర వంగుతారు కదా."

"వంగకపోతే గంగాళంలో గరిటె తిరగదు కదక్కా."

"అదీ సంగతి. ఆవిరి. ఆవిరి కూడా నీళ్ళే."

వంటమాస్టరు గోడ వైపు చూశాడు. బోర్డును తీరిగ్గా చదివాడు. "అలాగా? మరి ఆ ముక్క కూడా రాసి ఉంటే ఈ జేబులో పెట్టేవాణ్ణే కాదు. చోటు లేకపోతే సరే. కింద బోలెడు ఖాళీ ఉందే."

ఆమెకు ఒళ్ళు మండింది. అతని మీదో, బోర్డు మీదో, బాతు మీదో తెలియలేదు. ఫోను విప్పింది. హామీ కిందే కొత్త తెర వేసింది. తెల్లటి తెర మీద వేలితో అడ్డంగా నిలువుగా గీసి చూసింది. ఆడుతుందేమోనని వెనక నిలబడ్డ మాస్టరు కాస్త నిరాశపడ్డాడు.

అతను వెళ్ళాక మార్కరు తీసి బోర్డు కింద రాసింది. ఆవిరి తగిలినా అంతే. ఈ రోజు నుంచి.

ఆదివారం భోజనాలయ్యాక ముందు గదిలో చాప పరిచారు. చిట్టి ఫోను ఆమె ముందు పెట్టింది. ఒప్పుకునే మీట వెలుగుతోంది.

"ఆఖరిసారి అడుగుతున్నాను వదినా."

"ఆఖరిసారి చెబుతున్నాను. చేయనిది ఒప్పుకోను."

"మహాతల్లీ!" అని ఫోను లాక్కుంది. "అమ్మా, లే. నువ్వే. చూడు, బాతుల జోలికి వెళ్ళకు. నాకు ఒట్టెయ్యి."

"ఆట ఆడటానికి ఒట్లెందుకే?"

పందెం మొదలైంది. చిట్టి పడవ దూసుకెళ్ళింది. భర్త పడవ మలుపు దగ్గర ఆగి ఆగి వెళ్ళింది. అత్తగారి పడవ బయల్దేరిన చోటే ఒక చుట్టు తిరిగింది. అద్దాలక్క వెనక కూర్చుని చేతులు కట్టుకుంది. కట్టుకోకపోతే ఆవిడ వేలు పట్టి నడిపించేలా ఉంది.

"ముందుకత్తయ్యా, ముందుకు! కుడి మూల నొక్కండి!"

"నొక్కుతూనే ఉన్నానమ్మాయ్. అది తిరుగుతోంది."

"అది చుక్కానండీ! తెడ్డు అటుపక్క!"

"అమ్మా, ఆ బాతు! వద్దన్నానా!"

"అది దారిలో అడ్డమొచ్చిందే. నేనేం వెతుక్కుంటూ వెళ్ళలేదు."

ఎదుటి జట్టు ముగ్గురూ గట్టుకు చేరారు. అత్తగారి పడవ చుట్టూ బాతులు. చిట్టి చాప మీద వెల్లకిలా పడుకుని మొహం మీద చున్నీ కప్పుకుంది. కాసేపటికి చున్నీ కింద ఒళ్ళు కదలసాగింది. ఏడుస్తోందనుకున్నారు. నవ్వుతోంది.

"పోనీలే, బాతులైనా వచ్చాయి" అన్నాడు భర్త.

"ఇదేంటి, నా పడవకు ఏదో కట్టారు?" అంది అత్తగారు.

అద్దాలక్క వంగి చూసింది. నల్లజెండా. కింద రాసింది చదివి వినిపించింది. కావాలని ఓడిపోయినట్లు గుర్తించడమైనది. శాశ్వతంగా నిలిపివేయడమైనది.

చిట్టి మొహం మీది చున్నీ తీసింది.

"కావాలనా?" అంది అత్తగారు. గొంతు లేచింది. "నాకు వచ్చినంతా ఆడాను! వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను! ఎవరమ్మా వీళ్ళు? ఆ మనిషి నంబరియ్యి, నేను మాట్లాడతాను."

"మనిషి లేడత్తయ్యా. బాతే ఉంది."

"ఏ బాతు?"

"టోపీ పెట్టుకున్న బాతు."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలిసింది. కళ్ళజోడు పెట్టుకుని ఫోను దగ్గరికి తెచ్చుకుంది. కోడలు అప్పీలు తెరిచి పెట్టింది. ఆవిడ ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. నా తప్పు ఒప్పుకుంటున్నాను. దాని కింద, వెనక్కి అనే మీట.

"ఇంకోటుండాలే. నేను చేయలేదు అనేది ఎక్కడుంది? కిందుంటుంది, జరుపు."

అద్దాలక్క వేలితో తెరను పైకి జరిపింది. జరగలేదు. మూలలు నొక్కి చూసింది. అన్నీ పలుకుతున్నాయి. ఆ తెర తను వేసిందే. అందులో లోపమేమీ లేదు.

"కింద ఏమీ లేదత్తయ్యా."

"సరిగ్గా చూడమ్మాయ్" అంది అత్తగారు, చాప మీద ఆమెకు చోటిస్తూ. "ఎలా లేకుండా ఉంటుంది?"