కంటిచూపు కెమెరా, మస్తానన్న సంబంధం

ఒకరి పెళ్ళి సంబంధాన్ని నోటితో చెడగొట్టేవాళ్ళని మీరు చూసే ఉంటారు. మా బంధువుల్లో అలాంటివాళ్ళకి కొదవ లేదు. నేను మాత్రం కంటితో చెడగొట్టాను. దిష్టి పెట్టాననుకునేరు, అదేం కాదు. కెమెరాకి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, రీలు అయిపోయేదాకా ఒక్కటీ వదలకుండా చెడగొట్టాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను, కాస్త గుండె నిబ్బరం చేసుకుని చదవండి.

మాస్కులు పీకి పారేసిన ఏడాది చలికాలం అది. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఒకే గదిలో ఆరుగురు బ్యాచిలర్లం ఉండేవాళ్ళం. నేను బిల్డింగు సామాన్ల కంపెనీలో స్టోర్ కీపర్ని. నా పై మంచం మస్తానన్నది. ఏసీ మెకానిక్కు, మా నెల్లూరు వైపు మనిషే. ముప్పై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయేది. ఆయన సెలవు దగ్గరపడింది. ఈ సెలవులో నిఖా కాకపోతే మళ్ళీ రెండేళ్ళదాకా కంపెనీ పంపదు, అప్పటికి నెత్తిన జుట్టు మిగలదని ఆయన బెంగ.

సరిగ్గా అప్పుడు గూడూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు నసీమా, సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతోంది. ఇంటికి పెద్దదిక్కు మేనమామ హుసేన్ సాబు. ఆయన ఫోన్లోనే ఒక షరతు పెట్టాడు.

"సెల్లులో తీసిన ఫోటోలు మాకొద్దబ్బాయ్. పోయినేడాది ఒకణ్ణి ఆ ఫోన్లో చూసి సరే అన్నాం. పాలకోవా మాదిరి ఉండాడు. తీరా మనిషి దిగినాక చూస్తే, పెళ్ళికొడుకు నాయనేమో అనుకొని సలాం కొట్టాం. ఫిల్టర్లంట! మీరు రీలు కెమెరాలో తీసి, కడిగించి, కాగితం మీద పంపండి. దాంట్లో మోసం జరగదు."

ఫోన్ పెట్టేసి మస్తానన్న దిగాలుగా మంచం మీద కూలబడ్డాడు. "ఈ రోజుల్లో రీలు కెమెరా ఏడ దొరకతాదిరా కరీమూ?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నా దగ్గర ఉంది కదా! అంతకు వారమే మా ఆఫీసు ముదీర్, అంటే మా మేనేజరు, ఈజిప్టు మనిషి, అల్మరా సర్దుతూ ఒక నల్లటి పాత కెమెరా నా చేతిలో పెట్టాడు. అది చూడటానికి మామూలుగానే ఉంటుంది గానీ, గుణం మాత్రం విచిత్రం. ఫోకస్ చెయ్యడానికి ఏదీ తిప్పక్కర్లేదు. లోపలికి చూస్తే చాలు, మన కంటిపాప ఎటు తిరిగితే అది అక్కడ ఫోకస్ చేసుకుంటుంది.

"కంటితో ఫోకసా? మరి చేత్తో ఏం చేస్తావ్?" అన్నాడు మస్తానన్న అనుమానంగా.

"చెయ్యి నొక్కడానికి మాత్రమే అన్నా. నేను నిన్ను చూస్తే చాలు, నీ మొహం అద్దంలా వస్తది. వెనకాలదంతా సినిమాలో మాదిరి మసగ్గా పోతది."

"నీకొచ్చా అది?"

"నేర్చుకుంటా."

నేర్చుకున్నాను కూడా. పైన గుండ్రటి డయలు ఒకటి ఉంది. మధ్యలో బొడిపె నొక్కి పట్టుకుంటే తప్ప తిరగదు. అది తెలియక దాంతో కుస్తీ పట్టి గోరు విరగ్గొట్టుకున్నాను. లోపల అయిదు చుక్కలు వెలుగుతాయి, ఒక్కొక్కదాన్నే చూస్తూ నొక్కి కెమెరాకి మన కన్ను అలవాటు చెయ్యాలి. ఇంకో వింత ఏమిటంటే, లోపల ఎడమవైపు పైమూలకి చూస్తే చాలు, మొత్తం చీకటి పడిపోతుంది. ఫోటోలో ఎంతమేర స్పష్టంగా వస్తుందో చూపించడానికి పెట్టిన ఏర్పాటట. మొదటిసారి అలా అయినప్పుడు నా కన్నే పోయిందనుకుని "అన్నా!" అని అరిచాను.

రీలు ఒక్కటే దొరికింది కాబట్టి సాధనంతా ఖాళీ కెమెరాతోనే చేశాను. అన్నం గిన్నెని చూశాను, కీచుమంది, అంటే ఫోకస్ కుదిరిందని అర్థం. నిద్రపోతున్న రూమ్మేటు ముక్కుని చూశాను, కీచుమంది. కదలని గిన్నె, లేవని మనిషి, భయం లేని నేను. ఇంత సుఖంగా ఉంటే ఎవరికైనా వచ్చేస్తుంది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

మరునాడే మా ఎరుకలో ఉన్న రఫీ భాయ్ నెల్లూరు వెళ్ళడానికి విమానం ఎక్కుతున్నాడు. ఊరికి వెళ్ళే మనిషి చేత కవరు పంపడం మా ఆనవాయితీ. అందుకని ఆ మధ్యాహ్నమే ఫోటో తియ్యాలి, డేరా అనే పేటలో రీలు కడిగే షాపులో ఇవ్వాలి, పొద్దున్నే రఫీ భాయ్ అక్కణ్ణుంచే కవరు తీసుకుని విమానాశ్రయానికి వెళ్ళిపోవాలి. మేమిద్దరం డ్యూటీలో ఉంటాం కాబట్టి ఆ ఫోటోలు చూసే వీలు మాకు లేదు.

"ఒక్కసారి చూసుకుంటే బాగుండు" అన్నాడు మస్తానన్న.

"నా మీద నమ్మకం లేదా అన్నా?" అన్నాను. ఆ మాట అన్నవాణ్ణి ఎప్పుడూ నమ్మకండి.

దుబాయ్‌లో పెళ్ళి ఫోటో అంటే ఒక పద్ధతుంది. పక్కవాడి కోటు, ఎవరిదో కారు, మనది కాని బిల్డింగు. మేమూ అదే పద్ధతిలో విల్లాలుండే ఒక వీధికి వెళ్ళాం. అరువు కోటు వదులైతే వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగించాం. తెల్లటి పెద్ద కారు ఒకటి ఆగి ఉంటే, దాని బానెట్టు మీద మస్తానన్న మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఊరు కాని ఊళ్ళో, ఎవరిదో తెలియని కారు. దాని మీద గీత పడితే కేసు, కేసు పడితే ఖలాస్, ఇద్దరం ఇంటికే.

"నవ్వాలా, గంభీరంగా ఉండాలా?" అన్నాడు.

"ఏదో ఒకటి ఉండన్నా, తొందరగా!"

కెమెరా కంటికి ఆనించాను. అప్పుడే మస్తానన్న భుజం వెనకాల, దూరంగా విల్లా గేటు దగ్గర, ఒక సెక్యూరిటీ గార్డు కుర్చీలోంచి లేవడం కనిపించింది. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, చేతిలో వైర్‌లెస్ సెట్టు. కీచుమంది. నొక్కాను.

"వచ్చిందా?"

"వచ్చింది వచ్చింది, కదలబాక!"

గార్డు నాలుగడుగులు వేశాడు. కీచు, నొక్కాను. ఇంకో నాలుగడుగులు వేశాడు. కీచు, నొక్కాను. మధ్యలో పక్కకి తిరిగి, కెమెరాలో ఎడమ పైమూలన కనిపించే చెట్టు కిందికి పోయాడు. అటు చూశానో లేదో లోపలంతా చీకటి పడింది. వాడు మళ్ళీ చెట్టు నీడలోంచి బయటికి రాగానే వెలుగొచ్చింది. నొక్కాను.

"ఏందిరా అట్ట వణకతండావు?"

"వణకట్లేదన్నా, కెమెరా మోటారు తిరగతాంది."

ప్రతిసారీ కీచుమంటూనే ఉంది. కెమెరా నా మాట ఇంత బుద్ధిగా వింటోందని అంత భయంలోనూ మురిసిపోయాను. రీలు అయిపోయి జుయ్యిమని వెనక్కి చుట్టుకుంటుండగా గార్డు మా మీదికి వచ్చేశాడు.

"యే గాడీ కిస్కీ హై?" అని కారెవరిదో అడిగాడు.

"భాయ్, ఏక్ ఫోటో బస్..." అని మస్తానన్న చేతులు జోడించాడు. వెనకాల ఒక క్లిప్పు టప్పున ఊడి కింద పడింది.

"ఖలాస్! యల్లా, జావ్ జావ్!"

వెళ్ళాం. పరుగులాంటి నడకతో బస్టాపుదాకా వెళ్ళాం.

మూడో రోజు సాయంత్రం గూడూరు నుంచి ఫోనొచ్చింది. గదిలో అందరం చుట్టూ చేరాం. మస్తానన్న స్పీకర్ పెట్టాడు.

"అస్సలాము అలైకుం బాబూ. ఫోటోలు అందినాయ్. ఇంటిల్లిపాదీ చూసినాం. అబ్బాయి మాకు బాగా నచ్చినాడు."

గదిలో ఈలలు. నేను కాలరెగరేశాను.

"ఏం ఎత్తు! ఏం మీసం!" అన్నాడు హుసేన్ సాబు.

మస్తానన్న చెయ్యి దానంతటదే పెదవి మీదికి పోయింది. ఆయనకి మీసం లేదు. నా భుజందాకా వస్తాడు.

"ఒకటి అడగతా, ఏమనుకోబాక. ఏసీ మెకానిక్కని చెప్పినారే, ఆ యూనిఫాం ఏంది, చేతిలో ఆ వైర్‌లెస్ ఏంది? అంత మంచి ఉద్యోగాన్ని దాస్తారేంది? నడిచొస్తా ఉన్నట్టు వరసగా తీసినారు, బలే ఉండాయి. కాకపోతే ప్రతి ఫోటోలోనూ కోటేసుకున్నోడు ఎవుడో అడ్డం నిలబడుండాడు, మొహం మసగ్గా. పెళ్ళి ఫోటోకి అడ్డమొచ్చే ఎదవలు దుబాయిలో గూడా ఉండారా? వాణ్ణి పక్కకి జరగమనేదానికేం?"

మస్తానన్న తలెత్తి నన్ను చూశాడు. జరిగింది అప్పుడర్థమైంది. కన్ను ఎటు చూస్తే అటే ఫోకస్. రీలంతా నేను చూసింది గార్డునే. పెళ్ళికొడుకుని ఒక్కసారి కూడా చూడలేదు.

మస్తానన్న ఫోన్ కట్ చేస్తాడనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మామా, ఆ అడ్డమొచ్చినోణ్ణి నేనే."



"మరి ఆ మీసాలాయన?"

"సెక్యూరిటీ మామా. మమ్మల్ని తరిమేదానికి వస్తా ఉండాడు."

"ఎందుకు తరమడం?"

"ఆ కారు నాది కాదు."

"కోటు?"

"అదీ నాది కాదు మామా."

"మరి ఆ ఫోటోలో నీదేముందబ్బాయ్?"

"మసక మొహం ఒకటే నాది మామా" అన్నాడు మస్తానన్న. ఆ మాటకి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఫోటో తియ్యకముందు రోజూ ఆ మనిషి అద్దం ముందు నవ్వడం సాధన చెయ్యడం చూశాను.

అప్పుడు అటువైపు నుంచి ఒక ఆడపిల్ల పకపకా నవ్వడం వినిపించింది.

"మామా, ఇన్నాళ్ళూ వచ్చినోళ్ళందరూ కారు చూపించినారు, బిల్డింగు చూపించినారు. ఈయన మొహం గూడా చూపియ్యలా! ఒకసారి వీడియో కాల్ చెయ్యమను, చూద్దాం."

"ఫోన్లోనా నసీమా?"

"ఫోన్లోనే. ఫిల్టర్ పెడితే నేను పట్టుకుంటా."

మస్తానన్న బనీను మీదే ఉన్నాడు. చొక్కా వేసుకునే తీరిక లేదు. ఫోన్ నేను పట్టుకోబోయాను. మిగతా నలుగురూ ఒక్క గొంతుతో "నువ్వొద్దు!" అని లాక్కున్నారు. ఎంతసేపు మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నన్ను గదిలోంచి గెంటేశారు. తలుపు తీసేసరికి మస్తానన్న చెవులు ఎర్రగా ఉన్నాయి. అద్దం ముందు సాధన చేసిన ఆ నవ్వు కాదు, వేరే నవ్వేదో మొహం మీద ఉంది.

ఆ సెలవులోనే గూడూరులో నిఖా జరిగింది. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను, చేసిన పాపం కడుక్కుందామని మెళ్ళో కెమెరా, జేబులో కొత్త రీలు వేసుకుని మరీ వెళ్ళాను. పెళ్ళికొడుకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని కన్ను ఆనించానో లేదో, హుసేన్ సాబు వచ్చి చాలా మర్యాదగా నా మెళ్ళోంచి కెమెరా తీసేసుకున్నాడు.

"నువ్వు పోయి బిర్యానీ తిను బాబూ, నీ చూపు ఎట్టాగూ ఆడే ఉండాది" అని, వెనక్కి తిరిగి కేకేశాడు. "అబ్బాయిలూ, సెల్లుఫోన్లు తియ్యండ్రా! ఫోటోలు వాటిల్లోనే తీద్దాం, నమ్మకంగా ఉంటాది!"

కాబట్టి, ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఇకమీదట నేను ఏ పెళ్ళికొడుకునీ కెమెరాలోంచి చూడను. ఎవరైనా మరీ బతిమాలితే ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను కూడా గట్టిగా మూసి, అప్పుడు నొక్కుతాను.