గాలిని చూసిన పెద్దమ్మ

ఉదయం నుంచి ఎడమ చెంపను తాకుతున్న సముద్రపు గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి కుడి చెంపకు వేడిగా తగిలింది, ఎండుగడ్డి వాసనతో. ఒడ్డు నుంచి వచ్చే గాలి. తీరం వెంబడి ఒంటరిగా కయాక్ నడుపుకుంటూ దక్షిణానికి పోయే నాలాంటివాళ్ళు భయపడాల్సింది దానికే. బలపడిందంటే పడవను నడిసముద్రంలోకి నెట్టేస్తుంది. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాటితే ఆ రోజు మజిలీ. అక్కడ వేడి అన్నం, ఎదురుచూసే మనుషులు ఉన్నారు. హైదరాబాదులో మా ఆఫీసువాళ్ళంతా ఫోన్లలో, మ్యాపు మీద నా చుక్క కదలడం చూస్తున్నారు. ముందుకు పోదామా, ఒడ్డుకు తిరుగుదామా? అప్పుడు అనసూయ పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో మా పక్కిల్లు. భర్త గుడిలో పూజారి. ఆవిడకేమో పతంగుల పిచ్చి. మడిచీర ఆరేసిన డాబా మీదే కొంగు బిగించి ఎగరేసేది. నాకూ నేర్పమని వెంటపడితే, పతంగి చేతికివ్వకుండా ముందు కూర్చోబెట్టింది.

"ఏం కనవడ్తుందే?"

"ఏం లేదు పెద్దమ్మా. ఆకాశం."

"బేకరీ పొగ ఎటు పోతుంది? ఆ గద్ద రెక్కలెందుకు ఆడిస్తలేదు? మన చీర గిట్ల ఉబ్బింది, ఎదురింటి లుంగీ ఎందుకు కదుల్తలేదు? సూడు."

మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అదే నా ఆట అయింది. బడికి పోతూ కూడా పొగలనూ జెండాలనూ చూస్తూ జనాన్ని గుద్దుకునేదాన్ని.

మా గల్లీల్లో పతంగి తెగితే నామోషీ లేదు. రెండు పతంగుల దారాలు మెలిపడి పేచీ పడ్డాక, తెగకముందే కిందికి దించుకుంటేనే నామోషీ. అలాంటిది ఒక సాయంత్రం, వెనక గల్లీవాళ్ళతో పేచీ మంచి పట్టులో ఉండగా, పెద్దమ్మ గబగబా దారం లాగేయసాగింది. డాబాలన్నీ "లపేట్! లపేట్!" అని, దారం చుట్టేసుకో అన్నట్టు, గోల చేశాయి. ఎదురు డాబా మీది యూసుఫ్ భాయ్ "క్యా అమ్మా, డర్ గయే?" అని, భయపడ్డావా అన్నట్టు, పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

"అందరు చూస్తున్నరు పెద్దమ్మా. సిగ్గైతలేదా?"

"వాళ్ళు నన్ను సూస్తున్నరు బిడ్డా. నేను గాలిని సూస్తున్న. తిరిగిందది. ఇంకాగితే కరెంటు తీగలల్ల పడ్తది."

నిజంగా గాలి తిరిగిందో, ఓడిపోతానని జంకిందో నాకిప్పటికీ తెలియదు. అడిగితే మాత్రం మూతి ముడిచేది.

కయాక్‌ను ఒడ్డుకు తిప్పాను. ఎదురుగాలికి భుజాలు లాగేశాయి. ఇసుకలోకి దిగేసరికి వల బాగుచేసుకుంటున్న ఒకాయన నవ్వాడు.

"ఏమ్మా, అప్పుడే దిగిపోయావేంటి? ఏటిమొగ అదిగో, అక్కడే కదా!"

"గాలి తిరిగింది బాబాయ్."

ఆ మాట అన్న కొద్దిసేపటికే నా టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. చూస్తూ ఉండగానే లోపలికి కొట్టుకుపోయి, దూరాన తెల్లగా విరుగుతున్న అలల్లో కనబడకుండా పోయింది. నాకు అప్పుడు వేసింది భయం. కయాక్‌ను ఇంకాస్త పైకి, పొడి ఇసుకలోకి లాగాను.

పెద్దమ్మ ఎన్నడూ సముద్రం చూడలేదు. ఆఖరిసారి ఆసుపత్రిలో ఈ ప్రయాణం సంగతి చెప్పినప్పుడు, ప్రమాదం కాదా అని అందరూ అడిగేది ఆమె అడగలేదు. కళ్ళు పెద్దవి చేసి, "ఆడ పొగ ఉండదు, చీరలుండవు. మరి గాలిని దేంట్ల సూస్తవే?" అంది. నాకు తెలియదు, చూసొచ్చి చెబుతానన్నాను.

వినకుండానే పోయింది. అందుకే ఇప్పుడు రోజూ తెడ్డు వేయబోయే ముందు కాసేపు ఊరికే కూర్చుంటాను. నీళ్ళ మీద ముడతలు ఎటు పోతున్నాయో, ఎక్కడ నల్లబడుతున్నాయో, గట్టిగా పైకే చెబుతాను.