చప్పుడు లేని కంప్యూటర్

తప్పులుంటే మన్నించండి. ఊరి బడిలో చదివినవాణ్ణి. నా చేతిరాత బాగుండదు, ఫోన్‌లో టైపు చేసినా అంతే.

ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, సాల్మియా బజారులో కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్లాను. మా గదిలో రెండో మంచం ఓబులేసుది. రాత్రంతా వాచ్‌మన్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాడు. అతని నిద్ర చెడకూడదని నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాణ్ణి. నా పాత కంప్యూటర్ గురగురమంటుంటే, చప్పుడు చేయనిది ఒకటి కట్టించుకుందామని ఇద్దరం అనుకున్నాం.

షాపాయన హైదరాబాదీ. పెద్ద ఫ్యాను, తిరగని డిస్కు, లోపల స్పాంజి అతికించిన పెట్టె తీసి ముందు పెట్టాడు.

"ఇవి వేస్తే పక్కన పండుకున్నోడు గూడ లేవడు చాచా!" అని నవ్వాడు.

"ఆయప్ప ఇంగ లేసేదే లేదులే నాయనా" అన్నాను.

పోయిన నెల ఓబులేసు డ్యూటీ నుంచి వచ్చి పడుకుని, నిద్రలోనే పోయాడు. నాకు తెలియలేదు. అలిసిపోయి పడుకున్నాడులే అని సాయంత్రం దాకా అడుగు చప్పుడు కాకుండా తిరిగాను.

"రోంత సద్దు చేసే ఫ్యానే ఇయ్యి" అన్నాను.

"అందరు సప్పుడు లేనిది గావాలంటరు. నువ్వేంది చాచా, ఉల్టా అడుగుతున్నవ్?"

ఏదీ కొనకుండానే వచ్చేశాను. మీరైతే ఏది తీసుకునేవాళ్లు? తొందరగా జవాబు పెట్టండి. ఫోన్‌కి సైలెంట్ తీసేశాను.