రాత్రే అయిపోయిన ఆట

మా ఇంట్లో కబడ్డీ పొద్దున పదకొండుకు మొదలయ్యేది. అందరూ రాత్రి చూసేసిన ఆటను మేము నలుగురం ఆడవాళ్ళం మర్నాడు మళ్ళీ వేసినప్పుడు చూసేవాళ్ళం, బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకుని. రాత్రిపూట టీవీ మాది కాదు. అత్తమ్మ సీరియళ్ళు, పిల్లల పేచీలు, వంట, అంట్లు. పొద్దున ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక కోరుట్లలోని మా ముందుగది మాదయ్యేది. తునికాకు కత్తిరించడానికి కళ్ళు కావాలి గానీ, తంబాకు పోసి చుట్టడానికి వేళ్ళు చాలు. అందుకని ఆకంతా ముందే కత్తిరించి పెట్టుకుని, ఆట వేళకు చుట్టే పని మాత్రమే మిగుల్చుకునేవాళ్ళం.

మాకు ఒక్కటే నియమం. ఎవరు గెలిచారో ముందుగా తెలుసుకోకూడదు. మా ఆయన ఆటో నడుపుతాడు. బస్టాండు దగ్గర తోటివాళ్ళతో కలిసి రాత్రే ఫోనులో చూసి వచ్చేవాడు. ఇంట్లోకి అడుగు పెట్టేటప్పుడు నవ్వకూడదు, మూతి ముడవకూడదు అని నా హుకుం. పాపం, అన్నం తినేంతసేపూ బొమ్మలా ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి పొరపాటున చపాతీ తుంచుతూ ఈల వేశాడు. మన జట్టు గెలిచిందని తెలిసిపోయిందని రెండు రోజులు మాట్లాడలేదు నేను. నా కోపం అలాంటిది.

ఈ ఆట మాకు నేర్పింది వెనకవాడ అక్క. చుట్టరికం ఏమీ లేదు, పిలుపుకే అక్క. పెగడపల్లిలో పుట్టి పెరిగింది, బడిలో చదివేటప్పుడు మండలం పోటీల్లో ఆడింది. బోనస్ గీత అంటే ఏమిటో, వరసగా రెండు రైడ్లు ఉత్తగా పోతే మూడోదానికి ఎందుకంత భయమో ఆమె చెబితేనే తెలిసింది. రైడర్ కాలు కదిపిన తీరు చూసి, వీడు దొరికిపోతాడని ముందే చెప్పేది. నేను, నా తోడికోడలు, ఎదురింటి కోడలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

అక్క మొగుడు దుబాయి పనికి వెళ్ళి అక్కడే పోయాడు. పెట్టెలో వచ్చాడు. జగిత్యాలలో ఉన్న అత్తగారింటి వాళ్ళు ఆమె కాలు మంచిది కాదన్నారు. ఒకసారి కాదు, నీళ్ళ బిందె ఒలికినా అదే మాట, బర్రె పాలివ్వకపోయినా అదే మాట. తట్టుకోలేక కోరుట్లలో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళేది, పందిరి చివర నిలబడి, తలంబ్రాల వేళకు వంటల దగ్గరికి జారుకునేది. మా గదిలో మాత్రం టీవీకి ఎదురుగా ముందు చోటు ఆమెదే. చూపు కాస్త తక్కువ. ఆమె ఇంకా రాకపోయినా ఆ చోట మేమెవరం కూర్చునేవాళ్ళం కాదు.

పోయిన ఏడు మన జట్టు మొదటినుంచీ ఓడుతూ వచ్చింది. రోజూ తిట్టుకోవడమే. పట్టు పట్టడం రాదని తోడికోడలు, కెప్టెన్‌కు బుర్ర లేదని నేను. మధ్యలో ఒకరోజు అక్క కళ్ళు చూపించుకోవడానికి జగిత్యాల వెళ్ళింది. ఆ రోజు గెలిచాం. వారం తిరక్కుండానే సిరిసిల్లలో కాపురం ఉంటున్న తన బిడ్డను చూడడానికి పోయి రెండు రోజులు ఉంది. ఆ రెండు రోజుల్లో మన ఆట ఒక్కటే వేశారు, అదీ గెలిచాం. తిరిగి వచ్చి కూర్చుంది, ఓడిపోయాం. చివరి నిమిషంలో, ఒక్క పాయింటు తేడాతో.

ఒళ్ళు మండిపోయింది నాకు. చేతిలో బీడీకి దారం చుడుతూ, తల ఎత్తకుండా అనేశాను.

"అక్కా, నువ్వు రాని దినమే గెలుస్తున్నరు. నువ్వు మన జట్టుకు అచ్చిరావు గని, జర ఇంటికాడనే ఉండరాదూ."

ఎదురింటి కోడలు కిసుక్కున నవ్వింది. తోడికోడలూ నవ్వింది. అక్క కూడా నవ్వింది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది, ఆమె నవ్వడం. మాట నోట్లోంచి వచ్చిన తర్వాత గానీ అది ఎవరితో అన్నానో నాకు తట్టలేదు. తట్టాకైనా ఏదో సర్దిచెప్పొచ్చు. చెప్పలేదు. చుట్టిన బీడీల కట్ట కట్టుకుని, ఆకు తడి ఆరిపోతోందని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. మేము గెలిచాం. ఇక్కడ నిజం చెప్పాలి, నాకు సంతోషమైంది. చూశారా, నేను చెప్పలేదా అని చప్పట్లు కూడా కొట్టాను. వరసగా ఇంకో రెండు ఆటలు గెలిచాం. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే చోట కనబడితే అక్కే అడిగేది, గెలిచారా అని. గెలిచామంటే తల ఊపేది. ఇంటికి రమ్మని నేను అనలేదు. ముఖం చెల్లక అనలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. వస్తే ఓడిపోతామేమోనని కూడా అనలేదు.

ఒకరోజు అన్నం పెడుతూ మా ఆయనకు ఈ సంగతి చెప్పాను, వేళాకోళంగానే. అక్క రావడం మానేసింది, మన జట్టు దారిలో పడింది అని. ఆయన చెయ్యి కడుక్కోబోయి ఆగాడు.

"రాత్రే అయిపోయిన ఆట గదనే. పొద్దుగాల ఆమె అచ్చి కూసుంటె గెలిచినోళ్లు ఓడుతరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. పదో తరగతి దాకా చదివినదాన్ని. రోజూ ఈయన ముఖం చూడకుండా తప్పించుకుంటున్నదే ఆట అయిపోయిందని తెలిసి కదా. ఓడిన ఆట ఓడాకే ఆమె మా గడప తొక్కింది. అయినా నేను అన్నాను, పక్కవాళ్ళు నవ్వారు, ఆమె నమ్మింది. ఆ మాట నమ్మడం ఆమెకు జగిత్యాలలోనే అలవాటు చేశారు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. గడపలో కూర్చుని ఒక్కతే ఆకు కత్తిరిస్తోంది. తప్పయిందని, రమ్మని అడిగాను. కత్తెర ఆపలేదు.

"గా మాట నాకు కొత్తది గాదు చెల్లె. నీ ఇంట్ల వింట అనుకోలే, గంతే."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆకు చివర్లు సరిచూసుకుంటూ మామూలుగా అంది. తాను వచ్చిన రోజు ఓడిపోతే మళ్ళీ తన మీదికే వస్తుందని, మీరు చూసుకోండని చెప్పి పంపేసింది. నేను ఎంత కాదన్నా వినలేదు.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మా నియమం నేనే తప్పి, రోజూ రాత్రి మా ఆయనను ఎవరు గెలిచారని అడగడం మొదలుపెట్టాను. గెలిచిన ఆట వేసే పొద్దున ఎలాగైనా ఆమెను లాక్కొచ్చి కూర్చోబెడితే, ఆ మాట దానంతటదే చెరిగిపోతుందని నా లెక్క. కానీ జట్టు మళ్ళీ ఓటమి బాట పట్టింది. రాత్రి ఆయన తల అడ్డంగా ఊపేవాడు, పొద్దున నేను ఆ వాడకు వెళ్ళేదాన్ని కాదు. ఇంక ఒక్క ఆటే మిగిలింది. ఆ రాత్రి ఆయన గెలిచారని చెప్పాడు. చివరిదాకా వెనకే ఉండి గెలిచారట.

పొద్దున వెళ్ళి అక్క చాట నేనే ఎత్తుకుని నడిచాను. చాట కోసం ఆమె నా వెనకే రాక తప్పలేదు. గదిలోకి వచ్చింది గానీ తన చోట కూర్చోలేదు, గడప పక్కన కూర్చుంది. అంత దూరం నుంచి ఆమెకు ఆట కనబడదని నాకు తెలుసు. సగం ఆట అయ్యేసరికి మన జట్టు బాగా వెనకబడింది. ఎదురింటి కోడలు ఓరగా గడప వైపు చూసింది. అక్క ఆ చూపు పట్టుకుని చాట సర్దుకుని లేచింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"కూసో అక్కా. గెలుస్తరు."

"నీకెట్ల ఎరుక?"

నేను చూపు టీవీ మీదికి తిప్పేశాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఆటలో రైడర్ కాలు చూసి కనిపెట్టే మనిషి, నా ముఖం చదవడం ఎంతసేపు.

"అంటే గెలిచిన ఆట చూసుకోని పిలిచినవు. ఓడిన దినం పిలిస్తె నేనే నడిచి అత్తుంటి చెల్లె."

నిమ్మళంగానే అంది, మిగతా ఇద్దరికీ వినబడిందో లేదో. మళ్ళీ కూర్చుని చివరిదాకా ఉంది. జట్టు గెలిచింది. తోడికోడలు చప్పట్లు కొట్టింది. అక్క బీడీలు కట్ట కట్టుకుని, ఎప్పటిలాగే ఆకు ఆరిపోతోందని చెప్పి వెళ్ళింది. ఆమె కాలు మంచిదని చూపించాలని నేను పడ్డ తంటా అంతా, ఆ కాలిని నేనూ అనుమానిస్తున్నానని ఆమెకు చెప్పడానికే పనికొచ్చింది.

ఈ ఏడు మళ్ళీ ఆటలు మొదలయ్యాయి. మొదటి రోజు రాత్రి మా ఆయనను అడిగాను. ఓడిపోయారని చెప్పాడు. పొద్దున్నే వెళ్ళి పిలిచాను. ఓడిన ఆటేనని కూడా చెప్పాను. ఆమె చేతిలో ఆకు కత్తిరించేసి, చాట తీసుకుని వచ్చింది. ఈసారి తన చోటనే కూర్చుంది, టీవీకి ఎదురుగా. చుడుతూ చుడుతూ రైడర్ల తప్పులు చెప్పింది. కొత్త కుర్రాడి కాళ్ళు బాగున్నాయని మెచ్చుకుంది. మేము పాత రోజుల్లోలాగా కెప్టెన్‌ను తిట్టుకున్నాం. నాకు గుండె తేలికపడింది.

ఆట అయిపోయింది. ఓడిపోతామని రాత్రే తెలిసిన ఆట. అయినా చివరి ఈల మోగగానే నా కళ్ళు వాటంతటవే అక్క మీదికి వెళ్ళాయి. ఆమె చూపు టీవీ వైపు లేదు. అప్పటికే వెనక్కి తిరిగి, నేను చూస్తానా లేదా అని నన్నే చూస్తోంది.