పదో ఫారం

లైబ్రరీ వెనక గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టే ఆవిడను చిన్నా పెద్దా అందరూ బైండింగ్ అక్క అంటారు. లైబ్రేరియన్ అక్కకంటే రెండేళ్ళు పెద్ద, ఆయనా అక్కే అంటాడు. "నన్ను అక్కా అంటే మీ వయసు తగ్గుతుందా సార్?" అని ఒకసారి అడిగేసింది. "తగ్గితే మంచిదేగా అక్కా" అన్నాడాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

యాభై ఆరేళ్ళ మనిషి. ముప్పై ఆరేళ్ళుగా అదే గది, అదే కిటికీ, చక్రం తిప్పి బిగించే అదే ఇనప ప్రెస్సు. పని నేర్పింది మేనమామ. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపకపోతే పురుగులు విందుకు దిగుతాయని చెప్పింది ఆయనే, ఫారాలు లెక్కపెట్టకుండా సూది ముట్టుకోవద్దని చెప్పిందీ ఆయనే. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడిస్తే ఒక ఫారం. ఫారాలను వరసగా పేర్చి, వీపున కుట్టి, అట్ట వేస్తే పుస్తకం. అక్క చేతిలో వరస తప్పిన పుస్తకం లేదు. ఒక్కటి తప్ప. అది కూడా పొరపాటున తప్పింది కాదు.

సోమవారం పొద్దున లైబ్రేరియన్ ఒక లావుపాటి నవల తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నర్సరీ ఆవిడ ఫిర్యాదు రాసింది అక్కా. నూట నలభై నాలుగో పేజీ తర్వాత ఏకంగా నూట అరవై ఒకటి ఉందట. పదహారు పేజీలు గల్లంతు."

"ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదే" అంది అక్క, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"దెయ్యాల నవల కదా, భయంతో పేజీలు ఎగరేసి ఉంటారు. ఈవిడకు వయసులో ఉండగా సొంత కాపీ ఉండేదట. ఇల్లు మారినప్పుడు పోయిందట. ఇప్పుడు మళ్ళీ చదువుతుంటే ఆ పేజీలే లేవని బాధపడుతోంది. ఇంకో కాపీ ఎక్కడైనా దొరుకుతుందేమో ఉత్తరాలు రాస్తానన్నాను."

"రాయకండి సార్. నేను చూస్తాను."

ఆయన వెళ్ళాక అక్క కాసేపు ఆ నవల మీద చెయ్యి వేసి కూర్చుంది. పేజీలు ఎక్కడున్నాయో ఆవిడకు తెలుసు. నర్సరీ ఆవిడ ఎవరో కూడా తెలుసు. ఆ రెండూ ఒకే రోజు ఒకే బల్ల మీదికి వచ్చి పడతాయని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఈ ఊళ్ళో నర్సరీ ఒక్కటే. అయినా అక్క ఇంట్లో ఒక్క పూలకుండీ లేదు. మొక్కలు కొనాలంటే ఆ గేటు దాటాలి మరి. బజారులో నర్సరీ ఆవిడ ఎదురొస్తే అక్క తేలు కుట్టిన దొంగలా రోడ్డుకు అటువైపు వెళ్ళిపోయేది. అటువైపు పని ఉన్నట్టు, ఇనుము కొట్టు కిటికీలో మేకుల ధరలు చూస్తూ నిలబడేది. మేకులతో ఆవిడకేం పనో ఆ కొట్టువాడికి ఇప్పటికీ అర్థం కాలేదు.

సంగతి పదమూడేళ్ళ వయసులోది. క్లాసులో ఒక పిల్లకు అరచేతులు ఎప్పుడూ చెమర్చేవి. నోటుబుక్కులో సిరా అలుక్కుపోయేది, పెన్ను జారిపోయేది. డ్రిల్లు పీరియడ్లో అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. ఆ పిల్ల పక్కన నిలబడేది మన అక్క. ఒకరోజు సరదాకి తన చేతికీ ఆ చేతికీ మధ్య రుమాలు పెట్టింది. అందరూ పడీపడీ నవ్వారు. అంతమంది నవ్వేసరికి అక్కకు మహా గొప్పగా అనిపించింది. మర్నాడు క్లాసు క్లాసంతా రుమాళ్ళు తెచ్చింది. వారం తిరిగేసరికి ఆ పిల్ల ముట్టుకున్న సుద్దముక్కను కూడా రుమాలుతో పట్టుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ పిల్ల బడి మానేసింది.

తర్వాత ఏడేళ్ళకు, పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఈ నవల కుట్టడానికి వచ్చింది. ఒక హాస్టలు, అందులో ఒక పిల్ల. రోజూ పొద్దున్నే ఆ పిల్ల చెప్పులు ఎవరో దాచేస్తారు, పిల్ల వట్టికాళ్ళతో తిరుగుతుంది. చివరకు దెయ్యం పగబట్టినట్టు, దాచినవాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పులు కాళ్ళకు అంటుకుపోయి ఊడిరావు, నడవడం ఆపితే ఊపిరాడదు. కుట్టే ముందు ఫారాలు సర్దుతూ అక్క అక్కడక్కడా చదివింది. పదో ఫారంలో, చెప్పులు మొదట దాచిందెవరో ఉంది. పక్క మంచం పిల్ల, నలుగురినీ నవ్వించడానికి. మూడు ఆకులు చదివేసరికి అక్కకు చెవులు వేడెక్కాయి. ఊళ్ళో ఇది ఎవరు చదివినా తన పేరే చెబుతారనిపించింది. మామయ్య అప్పుడు టీకి వెళ్ళాడు. అట్ట గట్టిపడాలంటే లోపల పనికిరాని కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. అక్క పదో ఫారాన్ని విడదీసి, జిగురు రాసి, ఆ నవల అట్టలోనే అంటించేసింది. పైన గుడ్డ తొడిగింది. ముప్పై ఆరేళ్ళు ఆ పేజీలు అక్కడే పడుకున్నాయి.

ఆ సోమవారం సాయంత్రం అక్క నవల అట్ట విప్పి ఇంటికి తీసుకెళ్ళింది. మర్నాడు సెలవు. పొద్దున్నే పెద్ద పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి అట్టను నానబెట్టింది. మైదా జిగురు మంచిది, తడి తగిలితే మొండికెయ్యదు. ఒక్కొక్క ఆకూ ఊడివచ్చింది, మైలుతుత్తం వల్ల అక్కడక్కడా లేత నీలం మరకలతో. భర్త కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే మనిషి, చేతి నేర్పు ఉన్నవాడు. అడక్కుండానే వచ్చి ఆకుల్ని వంటింటి తీగకు క్లిప్పులతో తగిలించసాగాడు.

"ఇదేం ఉతుకుడే?" అన్నాడు.

పెళ్ళయి ముప్పై ఏళ్ళు. మొదటిసారి చెప్పింది. అంతా విని ఆయన ఒక ఆకు సరిచేశాడు.

"పదమూడేళ్ళ పిల్లవి. అప్పుడు నీకేం తెలుసు?"

"దానికీ పదమూడేళ్ళేనండీ" అంది అక్క. ఆయన ఇంకో ఆకు తీగకు తగిలించాడు.

మధ్యాహ్నానికి ఆకులు ఆరాయి. అక్క తీగ దగ్గరే నిలబడి మళ్ళీ చదివింది. మొదటి మూడు ఆకులూ ఆవిడకు గుర్తున్నట్టే ఉన్నాయి. అప్పుడు భయపడి చదవని మిగతా ఐదు ఆకుల్లో ఇంకో సంగతి ఉంది. చెప్పులు దాచిన పిల్ల ఆ సాయంత్రం వాటిని చేత్తో పట్టుకుని గది దాకా వస్తుంది. తలుపు ముందు నిలబడుతుంది. లోపల చెప్పులు పోయిన పిల్ల అడుగుల చప్పుడు విని, గడియ మీద చెయ్యి వేసి ఎదురుచూస్తుంది. బయటి పిల్ల తలుపు తట్టదు, తిరిగి వెళ్ళిపోతుంది. నవల్లో ఘోరమంతా ఆ తర్వాతే మొదలవుతుంది. అక్కకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ దెయ్యం పగ అనుకున్నది కాస్తా, ఒక పిల్ల తలుపు తట్టకపోవడం దగ్గరికి వచ్చి ఆగింది.

"పుస్తకం కుట్టి లైబ్రేరియన్‌కి ఇచ్చేస్తాను. ఆయన ఇస్తాడు ఆవిడకి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"అలా ఇస్తే పేజీలే వెళ్తాయి" అన్నాడు భర్త. "ఆవిడ ముందుకు వెళ్ళాల్సింది నువ్వు."

"మొహం మీదే గేటు వేస్తే?"

"వెయ్యనీ. వెనక్కి రావడానికి దారి తెలుసుగా."

రెండు రోజులు పట్టింది కుట్టడానికి. మామూలుగా అయితే అక్కకు ఒక పూట పని. ఫారాలు మూడుసార్లు లెక్కపెట్టింది. గురువారం నాలుగింటికి నర్సరీ గేటు దాకా వెళ్ళి, ఇనుము కొట్టు వైపు ఒకసారి చూసి, లోపలికి నడిచింది.

ఆకుపచ్చ వల నీడలో నల్ల సంచుల్లో మొక్కలు వరసల్లో ఉన్నాయి. నర్సరీ ఆవిడ వంగి సంచుల్లో మట్టి నింపుతోంది. మోచేతుల దాకా మట్టి, కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఏం మొక్క కావాలండీ?" అంది తలెత్తకుండా. తలెత్తాక ఆగిపోయింది.

"మొక్క కాదు. పుస్తకం తెచ్చాను, లైబ్రరీ నుంచి. పేజీలు దొరికాయి."

ఆవిడ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, పాత తువ్వాలుతో చాలాసేపు తుడుచుకుంది. అరచేతులతో కాకుండా వేళ్ళ కొసలతో పుస్తకం అందుకుని నూట నలభై ఐదు తెరిచింది. చదువుతూ నిలబడింది.

"ఆ పేజీలు పోలేదు" అంది అక్క. "నేనే తీసేశాను. అందులో ఉన్నది నేనే కాబట్టి. మొదట రుమాలు పెట్టింది నేను. అందరూ నన్ను చూసే నేర్చుకున్నారు. చెప్పడానికి నలభై మూడేళ్ళు పట్టింది. తప్పు చేశాను."

నర్సరీ ఆవిడ పుస్తకం మూసింది.

"తెలుసు. నువ్వు రోడ్డు దాటినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను" అంది. "ఈ పేజీలు నాకెందుకు కావాలో తెలుసా? ఆ పిల్ల తలుపు దాకా వస్తుంది. తట్టదు, నిజమే. కానీ వస్తుంది కదా. అది చదవడానికే ఆ రోజుల్లో ఈ పుస్తకం మళ్ళీ మళ్ళీ తీసేదాన్ని. మా ఇంటికి ఎవరూ రాలేదు."

అక్క తలెత్తి ఆవిడ వైపు చూసింది.

"బడి మానేశాక వారం రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాను. నువ్వు వస్తావనే అనుకున్నాను. నా పక్కన నిలబడేదానివి కదా. వస్తే ఎలా తిట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను."

"ఇప్పుడు తిట్టు" అంది అక్క.

"ఇప్పుడా? ఈ వయసులోనా?"

"నేను వింటాను."

నర్సరీ ఆవిడ పుస్తకాన్ని తడి తగలనిచోట పెట్టి వచ్చి, ఎదురుగా నిలబడి, తిట్టింది. పదమూడేళ్ళ పిల్ల కూర్చుకున్న తిట్లు అవి, పొగరుబోతుదానా అనీ, గుండె లేనిదానా అనీ, నీ జడ ఊడిపోనూ అనీ. ఒకచోట మాట మర్చిపోయి, ఆగి, గుర్తు తెచ్చుకుని మరీ తిట్టింది. అక్క తల వంచుకుని ఒక్కటి కూడా వదలకుండా విన్నది.

అన్నీ అయిపోయాక ఆవిడ వెనక గది తలుపు తీసింది.

"లోపలికి రా" అంది. "ఆ తర్వాత అనాలనుకున్నది ఇదే."