పెదనాయన కొట్టి చూసిన బ్లాకులు

మా పెదనాయన దొడ్డమునియప్ప దేన్నయినా సరే కొట్టి చూడందే నమ్మడు. కుండనో కొబ్బరికాయనో అయితే ఎవరైనా కొట్టి చూస్తారు. ఈయన గోడను కొడతాడు, తలుపును కొడతాడు, ఎక్కేముందు బస్సును కూడా కొడతాడు. జేబులో ఎప్పుడూ జానెడు ఇనుప కడ్డీ ఉంటుంది. దాంతో ఒకటి తగిలించి, తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని విని తీర్పు చెబుతాడు. తీర్పులు రెండే. బాగుంటే ‘గట్టి’, లేకుంటే ‘డొల్ల’. ఆయన గట్టి అన్నవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇది కోలారు బంగారు గనిలో నేర్చిన అలవాటు. భూమి అడుగున పని మొదలుపెట్టే ముందు నెత్తి మీది బండను కడ్డీతో కొట్టి చూడాలి. ఖంగుమంటే కింద నిలబడొచ్చు. బొదబొదమంటే పరుగు తీయాలి. అలా కొట్టి కొట్టే ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. తర్వాత గనే మూతపడింది. బంగారం పోయింది, జీతాలు పోయాయి, మాకు మిగిలింది బంగారం తీసుకుని పారబోసిన సైనైడ్ దిబ్బలు, ఈయన కడ్డీ. నేను తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరులో ఎవరి కొలువో చేసి, చీకటి పడ్డాక ఇంటికి చేరే రకం. మా ఊళ్ళో సగం మంది బతుకూ ఇంతే. మాకు ఊరంటే పడుకునే చోటు, అంతే.

నా పెళ్ళిచూపులకు పెద్దదిక్కుగా వచ్చి, పెళ్ళికూతురి ఇంటి స్తంభాన్ని కొట్టాడు. కాఫీ గ్లాసులు చేతిలో పట్టుకుని అందరూ చూస్తుండగా “డొల్లప్పా!” అన్నాడు. ఆ స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది. మా మామగారు మాత్రం ఇప్పటికీ ఈయనతో మాట్లాడరు.

ఇక మా పెద్దమ్మ చెన్నమ్మది బేతమంగళ. సేద్యం చేసే ఇంట్లో పుట్టి, గని కార్మికుల లైను ఇళ్ళలోకి కాపురానికి వచ్చింది. దిబ్బల మీది దుమ్ము పడి పడి ఈ పెరట్లో తులసి మొక్క కూడా బతకదు. అందుకని వారం వారం బస్సెక్కి తమ్ముడి చేనికి పోయేది. గట్టున కూర్చుని, సంచి నిండా ఆకుకూర కోసుకుని వచ్చేది. మొన్న ఆ తమ్ముడు చేను లేఅవుట్‌కు అమ్మేశాడు. అక్కను ఒక్క మాటైనా అడగలేదు. పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. అసలే మోకాళ్ళ నొప్పులు. నడవకపోతే కాళ్ళు పూర్తిగా పడిపోతాయన్నాడు డాక్టరు.

“యాడికి నడిచేది?” అంది పెద్దమ్మ.

జేసీబీ దిగకముందే పెదనాయన ఆ చేని మన్ను ఒక ట్రాక్టరు లోడు తెప్పించి వాకిట్లో పోయించాడు. పైన టార్పాలిన్ కప్పాడు.

“ఈ మన్ను కింద పోస్తే దిబ్బల మన్నులో కలిసిపోతాది. నడుమెత్తు తొట్టి కడదాము. నువ్వు వంగే పనే లేదు, గోడ మింద కూర్చోని ఆకు కోసుకో. బ్లాకులు చూద్దాం, లెయ్యి.”

“ఏదో ఒకటి తెచ్చుకో, పో.”

“అయితే నేనే పోయి కొట్టి చూసి తెస్తా.”

పెద్దమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. “వద్దు సామీ! ఒక్కడే పోయినాడంటే జిల్లా అంతా కొట్టుకుంటా పోతాడు. మునీంద్రా, బండి తియ్యి!”

బండి నా పాత ఆమ్నీ. పోయింది నా ఆదివారం. వారానికి నాకున్న సెలవు అదొక్కటే.

మొదట బేతమంగళ దారిలో నాగేశ్ యార్డుకు పోయాం. సిమెంటు సాలిడ్ బ్లాకులు, నిండుగా, నున్నగా ఉన్నాయి. పెదనాయన చాలాసేపు వాటి మధ్యే తిరిగి, వచ్చి “డొల్ల” అన్నాడు. పెద్దమ్మ బండి దిగనే లేదు. మరో యజమాని అయితే దెబ్బలాటకు దిగేవాడే. నాగేశ్ నవ్వి ఊరుకున్నాడు.

మరుసటి ఆదివారం బంగారుపేట. అక్కడున్నవి హాలో బ్లాకులు. పెదనాయన కడ్డీ ఆనించీ ఆనించకముందే “డొల్ల!” అన్నాడు.

“తాతా, దీన్ని చేసేదే లోపల ఖాళీ పెట్టి,” అన్నాడు యజమాని.

“తెలిసీ చేస్తావా?” అని పెదనాయన నిలదీశాడు.

పెద్దమ్మ బండి తలుపు తెరిచి అరిచింది. “ఏమయ్యా! ఆయప్ప పని ఆయప్పని చేసుకోనీ, రా!”

ఆ తర్వాత మాలూరు ఇటుకలు. అక్కడ ఈయన కొట్టుడుకు ఒక ఇటుక రెండు ముక్కలైంది. పెద్దమ్మ తలుపు పట్టుకుని దిగి, బట్టీ దాకా నడిచిపోయి, అక్కడి ఆడమనిషిని బతిమాలుకుంది.

“ఈయన ఎప్పుడూ ఇంతేనామ్మా?” అందామె.

“పెండ్లికి ముందర నన్నొక్కదాన్నే కొట్టి చూడలేదు తల్లీ. చూసింటే డొల్ల అని వదిలేసి పోయింటాడు. నేను బతికిపోయింటాను!”

మరో వారం టేకల్ దగ్గర, గోడలు కట్టేందుకు చెక్కిన సైజు రాళ్ళు. పెద్దమ్మే ఒక్కో కుప్ప దగ్గరకూ పోయింది. “ఇది చూడు, బాగుండాది.”

“డొల్ల.”

“రాయి డొల్ల ఎట్లవుతాదయ్యా? నీ తలకాయ కొట్టి చూసుకో!”

ఇద్దరూ క్వారీ అంతా తిరుగుతూ పోట్లాడుకున్నారు. నేను బండిలో కూర్చుని, గనినీ, రైలునీ, నా పుట్టుకనీ తిట్టుకున్నాను.

ఇంతలో వాన దిగింది. మేకలు తొక్కి టార్పాలిన్ చినిగింది. ఒక ఆదివారం పొద్దున చూద్దును కదా, ఎర్రమన్ను కరిగి మోరీలోకి పోతోంది. ఆ చేను అనేదానికి లోకంలో మిగిలింది ఆ కుప్పే. నాకు ఒళ్ళు మండింది. ఎవరికీ చెప్పకుండా నాగేశ్ దగ్గరకు పోయాను.

“ఏ బ్లాకులైనా సరే, ఒక లోడు వెయ్యప్పా!”

“మీవి ఎత్తిపెట్టే ఉండాయి కదన్నా.”

“ఎవురు పెట్టమన్నారు?”

“మీ పెద్దాయనే. మొదట వచ్చిన దినమే ఏరిపెట్టినాడు. పేర్చి, మింద కూర్చోని ఎత్తు చూసుకున్నాడు. చెయ్యి గీరుకోకూడదని అంచులన్నీ తడిమినాడు. ‘నేను డొల్ల అంటా, నువ్వు నోరెత్తొద్దు, చెప్పిందాకా పంపొద్దు’ అన్నాడు. నాకేమి తెలుసన్నా!”

లోడుతో ఇంటికొచ్చేసరికి పెదనాయన తడుస్తూ, టార్పాలిన్ చుట్టూ రాళ్ళు పేరుస్తున్నాడు.

“మొదటి దినమే దొరికింటే నన్ను జిల్లా అంతా ఎందుకు తిప్పినావు?” అని అరిచాను.

ఆయన ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించాడు. “అరవద్దురా. బ్లాకులు దొరికినాయంటే మీ పెద్దమ్మ మళ్ళా మంచమెక్కుతాది. నన్ను తిట్టేదానికన్నా లేస్తా ఉండాది కదా.”

“అంతలోకి మన్ను కొట్టుకోని పోతా ఉండాది కదా!”

“పోతే పోనీరా. మన్ను తెచ్చింది ఎవురి కోసరం?”

బండి దిగని మనిషి క్వారీ అంతా కలియతిరగడం అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేనూ వంగి రాళ్ళు అందించసాగాను. ఈ ముసలాయన మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు.

వాన తెరిపి ఇవ్వగానే ఇద్దరం తొట్టి కట్టాం. మిగిలిన మన్ను తొట్టికి సగం కన్నా కాస్త ఎక్కువ వచ్చింది. పెద్దమ్మ బయటికొచ్చి, గోడ మీద కూర్చుని, మన్నులో చెయ్యి పెట్టి గడ్డలు చిదమసాగింది. పెదనాయన ముఖం మాత్రం వాడిపోయింది. పని అయిపోయింది, ఇంక ఆమెను బయటికి లాగే సాకు లేదు.

“ఇంగ ఎరువు చూడాల...” అని నసిగాడు.

“ఎరువు కూడా కొట్టి చూస్తావా? ఏమీ వద్దు. రేపు కోలారు పోయి విత్తనాలు నేనే తెస్తా.”

“నేనూ వస్తా.”

“ఎందుకు? కార్డు చూపిస్తే ఆడోళ్ళకి బస్సు ఫ్రీ. నీకు టికెట్టు దండగ. నువ్వు ఇంట్లో ఉండి మేకలు తోలుకో. నా ఆధార్ కార్డు యాడ పెట్టినావు?”

పెదనాయన లోపలికి పోయి, ట్రంకు పెట్టె తెరిచి, ఉన్న బట్టలన్నీ బయటికి విసురుతూ కార్డు వెతకసాగాడు. ఆయన అంత సంతోషంగా ఇంటి పని చేయడం నేనెప్పుడూ చూడలేదు.