మూల చెక్క లెక్క

లంబకోణ త్రిభుజం బొమ్మ ఎక్కడ కనబడినా నాకు మా చేనే గుర్తొస్తుంది. కదిరి రోడ్డు చేను చివరను ఏటవాలుగా కోసుకుంటూ పోవడంతో అక్కడ మూడు మూలల ముక్క మిగిలింది. దాన్ని మేం మూల చెక్క అనేవాళ్లం.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు వాన ఆలస్యంగా పడింది. పదును ఆరేలోగా శనక్కాయ విత్తాలి. నాయన గొర్రు తోలుతుంటే, వెనకే నడుస్తూ ఒడిలోని గింజలు వదిలేది అమ్మ. పెద్ద చేను అయ్యేసరికి ఒక్క గంపెడు గింజలు మిగిలాయి. అవి మూల చెక్కకు చాలకపోతే ఇంట్లో వేరే విత్తనం లేదు.

నాయన నన్ను కొలవమన్నాడు. గట్టు వెంట అరవై అంగలు, అడ్డం నలభై. రెండూ హెచ్చవేసి, పెద్ద చేనుకు పట్టిన గింజలతో పోల్చి, ఇవి సగం చెక్కకే వస్తాయని తేల్చాను. అప్పట్లో నా లెక్కల మీద నాకు మహా గొప్ప. చాలుతాయని అమ్మ పట్టుబట్టింది. ఆమెది ఒళ్లో బరువును బట్టి చెప్పే అంచనా.

"బడికి పోయేది పాప. అది చెప్తాంది గదా, పల్చగా ఇడువు" అన్నాడు నాయన.

అమ్మ పలచగానే వదిలింది. చెక్క అయిపోయింది, గంపలో సగం గింజలు అట్లే ఉన్నాయి. నాయన గంపలోకి చూసి, ఎద్దులను విప్పాడు.

మూడో రోజు బడిలో అయ్యవారు దీర్ఘచతురస్రం గీసి, కర్ణం వేసి, ఒక సగం తుడిచేశాడు. మా మూల చెక్క ఆ మిగిలిన సగమే, నేను లెక్క కట్టింది మొత్తానికి. మళ్లీ విత్తుదామన్నా అప్పటికే పదును ఆరిపోయింది. సాయంత్రం ఏడుస్తూ నాయనకు చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

ఆ పంట కారంతా మూల చెక్క బోసిగానే ఉంది. రోడ్డున పోయేవాళ్లు, ఏమప్పా ఆ మూల అట్లుండాది అని అడిగితే, ఇత్తనాలు తగ్గినాయని చెప్పేవాడు నాయన. మిగిలిన గంపేమో ఇంట్లో అటక మీదే ఉండేది. నేను నేల చూపులు చూసేదాన్ని.

మరుసటి ఏడు వాన పడగానే, రాసుకునేది ఉందని పుస్తకం ముందేసుకుని ఇంట్లోనే కూర్చున్నాను. నాయన చేను నుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"రా పాపా. ఈతూరి గూడా నువ్వే కొల్చు."

పోయి కొలిచాను. హెచ్చవేసి సగం చేశాను. జవాబు చెప్పే ముందు అమ్మ దగ్గరికి పోయి, ఒళ్లో బరువు ఎట్లుందని అడిగాను.